జల్లెడా ఫిరంగీ

క్లబ్బు అధ్యక్షుడు దుకాణంలోకి వచ్చేసరికి అద్దాలాయన గీత మధ్యలో ఉన్నాడు. అద్దం మీద కట్టరు కదిలిందంటే అంచు దాకా ఒకే ఒత్తిడితో, ఒకే ఊపిరితో పోవాలి. మధ్యలో ఆగితే అద్దం దాని ఇష్టం వచ్చిన చోట విరుగుతుంది. అందుకని ఆయన తలెత్తలేదు. తలెత్తి చూడదగ్గ మనిషి వచ్చాడని కూడా అనుకోలేదు. వచ్చిందెవరో అత్తరు వాసనే చెప్పింది.

కొడుకు మాత్రం ఒక్క గెంతులో లేచాడు. ఉన్న ఒక్క కుర్చీ మీద గాజుపొడి దులిపి, తన చొక్కా అంచుతోనే తుడిచి, "కూర్చోండి సార్, కూర్చోండి" అన్నాడు.

అధ్యక్షుడు కూర్చోలేదు. తెల్లప్యాంటు వేసుకున్నాడు మరి. ఎండ మాడ్చేస్తున్నా మెడలో ఎర్ర మఫ్లరు. అది మెడలో ఉన్నంతకాలం ఊళ్ళో సగంమంది తనవాళ్ళేనని ఆయన నమ్మకం.

అద్దాలాయన పలకని బల్ల అంచుకి జరిపి, రెండు బొటనవేళ్ళతో కిందికి నొక్కాడు. టక్కుమని గీత వెంటే విరిగింది.

"చేతులింకా వణకట్లేదే నీకు!" అన్నాడు అధ్యక్షుడు.

"వణికితే వేళ్ళు పోతాయి. ఏం పని మీద వచ్చావ్?"

కొడుకు ముఖం మాడిపోయింది. ఊరంతా 'సార్' అనే మనిషిని నాన్న 'ఏం పని మీద వచ్చావ్' అనడం అతను ఎప్పటికీ అలవాటు చేసుకోలేకపోయాడు. కానీ ఆ సార్ ఒకప్పుడు మిల్లు క్లబ్బు ఎర్ర జట్టుకి కెప్టెను. ఆయన వెనకాల గోల్లో నిలబడ్డవాడు నాన్న. ఒకే సబ్బుముక్కతో స్నానం చేసినవాళ్ళు.

"మంచి కబురే. మన మిల్లు క్లబ్బుకీ రేవు క్లబ్బుకీ పోటీ మొదలై వందేళ్ళు. ఈ ఆదివారం మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో చరిత్రంతా చూపిస్తాం. కార్మికుల చెమట, ఆత్మగౌరవం, తరతరాల పౌరుషం..." అధ్యక్షుడు గాల్లో చెయ్యి తిప్పాడు.

అద్దాలాయనకి తెలిసిన చరిత్ర ఇంకా పొట్టిది. మొదట్లో ఉన్నది ఒకటే జట్టు. మిల్లు వాళ్ళూ రేవు కూలీలూ కలిసి ఆడి ఒక కప్పు గెలిచారు. దాన్ని మిల్లు క్యాంటీన్లో పెట్టాలా రేవు క్యాంటీన్లో పెట్టాలా అన్న దగ్గర తలలు పగిలి, జట్టు రెండు ముక్కలైంది. కప్పు ఏమైందో ఎవరికీ తెలీదు. తర్వాత మిల్లు మూతపడింది, అక్కడిప్పుడు కార్లు అమ్ముతున్నారు. రేవులో మనుషుల పనిని క్రేన్లు ఎత్తుకుపోయాయి. ఎర్ర గ్యాలరీలో మగ్గం చూసినవాడు లేడు, నీలం గ్యాలరీలో మూట మోసినవాడు లేడు. పనులు పోయాయి గానీ పగ మాత్రం పెన్షనులాగా నెల నెలా అందుతూనే ఉంది.

"చరిత్ర చూపించుకో. నా దగ్గరేముంది?"

"నువ్వే చరిత్రవోయ్!" అధ్యక్షుడు నవ్వాడు. "ఆ గోలు మళ్ళీ వేయిద్దామనుకుంటున్నాం. ఫిరంగి ఒప్పుకున్నాడు. నువ్వు గోల్లో నిలబడాలి, అతను తన్నగానే ఎడమవైపు పడాలి. బంతి కుడివైపు నుంచి లోపలికి పోతుంది. అంతే."

ఆ గోలు గురించి ఈ దుకాణంలో మాట్లాడరు. దాని వల్లే మిల్లు క్లబ్బు ఒక ఏడాది కప్పు పోగొట్టుకుంది. దాని వల్లే రేవు క్లబ్బు ఫార్వర్డు 'ఫిరంగి' అయ్యాడు, అద్దాలాయన 'జల్లెడ' అయ్యాడు. ఆ పేరు గోడల మీద రాశారు, పాట కట్టారు, బడిలో కొడుకుని ఏడిపించారు. ఇప్పటికీ బస్సులో ఎవడో ఒకడు వెనక సీట్లోంచి గొణుగుతాడు.

అద్దాలాయన ఆ రోజు దూకింది సరైన వైపుకే. బంతి ఎడమకే వస్తోంది. మధ్యలో కెప్టెను అనవసరంగా కాలు చాపాడు. బంతి అతని మడమకి తగిలి కుడికి తిరిగింది. దాన్ని పట్టిన ఒకే ఒక్క ఫిల్ములో ఫిరంగి వీపు అడ్డం వచ్చి మడమ కనిపించదు. మ్యాచ్ అయ్యాక విలేకరులు అడిగితే కెప్టెను మఫ్లరు సర్దుకుని, "ఏం చేస్తాం, మా గోలీ నిద్రపోయాడు" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో అధ్యక్షుడి దాకా ఎదిగాడు.

"నన్నెందుకు, ఒక బొమ్మని నిలబెట్టు," అన్నాడు అద్దాలాయన.

"బొమ్మని చూసి జనం నవ్వర... జనం చప్పట్లు కొట్టరు కదోయ్."

మాట మార్చుకోవడంలో అధ్యక్షుడు కొంచెం ఆలస్యమయ్యాడు. అయినా కంగారు పడలేదు. కొడుకు వైపు తిరిగి, "కొత్త గ్యాలరీలో పెద్దవాళ్ళు కూర్చునే గదులకి అద్దాలు బిగించాలి కదా, మీ ధరల కాయితం మా ఇంజనీరు బల్ల మీదే ఉంది. మన క్లబ్బు మనిషికే ఇద్దామని నా మనసులో ఉంది. చూద్దాం" అని చెప్పి, గుమ్మంలో గాజుముక్కలు తొక్కకుండా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాడు.

కొడుకు కుర్చీని వెనక్కి జరిపాడు. తర్వాత, "ఒక్కసారి గడ్డి మీద పడితే ఏం పోతుంది నాన్నా?" అన్నాడు.

"ఏం పోతుందో నువ్వే చెప్పు."

"పోయేదుంటే ఎప్పుడో పోయింది కదా!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. అద్దాలాయన చేతి తొడుగులు తీసి బల్ల మీద పడేసి ఇంటికి నడిచాడు.

భార్య ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసింది. ఎవరి బాధనైనా ముందు అరచేత్తో నొక్కి చూసే అలవాటు మాత్రం మానలేదు. అన్నం పెడుతూ అంతా విన్నది.

"ఎడమవైపు పడాలని వాడు నాకేసి చూస్తూ చెప్పాడే," అన్నాడు అద్దాలాయన, ముద్ద కలుపుతూ. "మడమ వాడిది. వాడికి తెలుసు, నాకు తెలుసు. అయినా కళ్ళల్లోకి చూస్తూ చెప్పాడు."

"కళ్ళల్లోకి చూసి అబద్ధం చెప్పలేనివాళ్ళు అధ్యక్షులెలా అవుతారండీ," అన్నది ఆమె. "మీకు వెళ్ళాలనుందా లేదా, అది చెప్పండి."

"అసహ్యంగా ఉంది."

"అది కాదు నేనడిగింది."

నిజానికి అద్దాలాయనకి ఒకటి చూడాలని ఉంది. మెడలో నీలం మఫ్లరు వేసుకుని దుకాణాలు ప్రారంభిస్తూ, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చుంటూ, ఒకే ఒక్క తన్ను మీద జీవితమంతా బతికేసిన ఆ మనిషి ఇప్పుడు ఎలా తంతాడో దగ్గర్నుంచి చూడాలని ఉంది.

*

శనివారం సాయంత్రం స్టేడియంలో రిహార్సలు. చెవికి మైకు తగిలించుకున్న ఒక అమ్మాయి ఇద్దరినీ "అంకుల్, అంకుల్" అంటూ అటూ ఇటూ నిలబెట్టింది. పెళ్ళిళ్ళూ కొత్త కార్లూ చరిత్రలూ అన్నిటినీ ఒకే ధరకి పండగ చేసిపెట్టే కంపెనీ మనిషి ఆమె. గోలుపోస్టు ముందు గడ్డి మీద తెల్ల టేపుతో గుర్తు వేసింది.

"గోలీ అంకుల్, మీరు ఇక్కడ పడాలి. మొహం కెమెరా వైపు ఉండాలి. బంతి పోయాక రెండు చేతులతో తల పట్టుకోండి. మీరు అప్పుడు నిజంగా పట్టుకున్నారట కదా, క్యూట్‌గా ఉంటుంది."

అద్దాలాయన ఆ టేపుని చూశాడు. పలకల మీద తాను వేసే గుర్తులాగే ఉంది, ఇక్కడే కోయాలన్నట్టు.

ఫిరంగి పలకరించలేదు. అద్దాలాయనా పలకరించలేదు. ఎదురుపడినప్పుడల్లా ఇద్దరిలో ఒకరు రోడ్డు దాటడమే ఇన్నేళ్ళూ వాళ్ళ మధ్య జరిగిన సంభాషణ. జుట్టుకి నల్లరంగు వేయించుకొచ్చాడు ఫిరంగి. అది నుదుటి మీద చెమటతో కారి చెవి పక్కన చారికైంది. నీలం జెర్సీ పొట్ట దగ్గర పట్టేసింది. కుడి మోకాలికి బట్ట చుట్టుకున్నాడు. నడిచేటప్పుడు ఆ కాలు కొంచెం ఆలస్యంగా వెంట వస్తోంది.

రేవు క్లబ్బు తరఫున వచ్చిన కార్యదర్శి, నీలం కోటు కుర్రవాడు, దూరం నుంచే చిటికెలేశాడు. "ఏం ఫిరంగిగారూ, టైమవుతోంది. మీరు తన్నితే మేం ఇంటికెళ్తాం."

ఫిరంగి అడుగులేసి తన్నాడు. బంతి పెనాల్టీ గీత దాకా వచ్చి, దారి మర్చిపోయినట్టు ఆగింది.

"గడ్డి తడిగా ఉంది," అన్నాడు ఫిరంగి.

గడ్డి పొడిగానే ఉంది. రెండోసారి తన్నాడు. బంతి మూల జెండా వైపు పోయింది. మూడోసారి ఎలాగో గోలు దాకా దొర్లింది. అద్దాలాయన టేపు మీద పడ్డాడు. మోచెయ్యి గీరుకుంది. బంతి కుడివైపు నుంచి వెళ్ళి వలని తాకీ తాకకుండా నిలిచింది.

పడ్డచోటి నుంచే ఫిరంగిని చూశాడు. మోకాలి మీద రెండు చేతులూ ఆనించి వంగి రొప్పుతున్నాడు. ఇన్నేళ్ళుగా ఊహించుకున్న దానికన్నా బాగుంది ఆ దృశ్యం. ఫిరంగట, ఫిరంగి! దీపావళి టపాకాయ పాటి చెయ్యడు. ఈ కాలి వల్లనా తన కొడుకు బడి మానేసి ఏడ్చింది!

"దగ్గర్నుంచి తన్నిద్దామా?" అని మైకు అమ్మాయి కార్యదర్శిని అడిగింది.

"అంత దగ్గరైతే బాగోదు. చరిత్రలో దూరం నుంచే కదా," అన్నాడు కార్యదర్శి. "రేపు జనం ఉంటే ఆయనకి ఊపొస్తుంది లెండి. రాకపోతే కట్ చేద్దాం."

కట్ చేస్తే ఎవరిని కట్ చేస్తారో చెప్పలేదు.

అధ్యక్షుడు గ్యాలరీలోంచి దిగి వచ్చాడు. అమ్మాయి ఆయన్ని అడిగింది: "సార్, అప్పుడు మధ్యలో డిఫెండర్లు ఉండేవాళ్ళు కదా, ఇద్దరు ముగ్గుర్ని పెట్టమంటారా?"

"వద్దమ్మా. మధ్యలో ఎవరూ లేకుండా శుభ్రంగా ఉండనీ," అన్నాడు అధ్యక్షుడు, గడ్డి వైపు చూస్తూ.

అద్దాలాయన లేచి మోచేతి మీద మట్టి దులుపుకున్నాడు. దులుపుకుంటూ ఫిరంగి వైపు చూశాడు. ఫిరంగి కూడా అప్పుడే అధ్యక్షుడి బూట్ల వైపు చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ ఒక క్షణం ఆ మడమ దగ్గర కలిశాయి. వెంటనే ఫిరంగి తల తిప్పుకుని, కాలు వెంటలాక్కుంటూ వెళ్ళిపోయాడు.

*

ఆదివారం స్టేడియం నిండిపోయింది. హాఫ్‌టైమ్ అయ్యేసరికి రెండు జట్లూ ఒక్క గోలూ వేయలేదు గానీ, గ్యాలరీల్లో మాత్రం కొట్లాటలు బాగానే అయ్యాయి. పోలీసులు ఒకణ్ణి చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్తుంటే, వాడు చొక్కాని వాళ్ళకే వదిలేసి వాతలు తేలిన ఒంటితో మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అంత నిష్ఠగా ఏదైనా పని చేసి ఉంటే బాగుపడేవాడు.

మైకులో చరిత్ర చదివారు. చెమట, రక్తం, పౌరుషం. మిల్లు సైరను మోత వేశారు. ఆ మోత వినగానే ఎర్ర గ్యాలరీలో మిల్లు మొహం చూడని కుర్రాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తెర మీద పాత ఫిల్ము ఆడింది. బంతి, ఫిరంగి వీపు, వల. నీలం గ్యాలరీ లేచి గంతులేసింది.

అద్దాలాయన గోల్లోకి నడిచాడు. ఊహించిన పాట ఊహించిన చోటే మొదలైంది. నీలం వాళ్ళు "జల్లెడా, జల్లెడా" అంటున్నారు. చిత్రమేమిటంటే ఎర్రవాళ్ళు కూడా కలిశారు. ఊరంతా ఒక్కమాట మీద ఉండేది ఈ ఒక్క విషయంలోనే కాబోలు. పైన కొత్త గ్యాలరీలో, ఇంకా అద్దాలు లేని గదిలో, ఇంజనీరు పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. పాడటం లేదు. అలాగని చెవులూ మూసుకోలేదు.

ఫిరంగి చెయ్యెత్తి నాలుగు వైపులా దండం పెట్టాడు. బంతి పెట్టుకున్నాడు. వెనక్కి నడిచాడు. పరిగెత్తాడు. అది పరుగు కాదు గానీ ఆ మాటే అనాలి. కాలు బంతికి తగలడానికి ముందే మోకాలు మడత పడింది. బంతి ఆయన బూటు అంచుకి రాసుకుని, నిదానంగా, తిన్నగా, ఎడమవైపుకి దొర్లడం మొదలుపెట్టింది. ఫిరంగి ముందుకి తూలి చేతుల మీద పడ్డాడు.

అద్దాలాయన ఒప్పుకున్నట్టే టేపు మీద పడ్డాడు. కుడివైపు పోవాల్సిన బంతి ఆయన వైపే వచ్చింది. వచ్చి వచ్చి, పొట్ట దగ్గరికి చేరి, కుక్కపిల్లలా ఆనుకుని ఆగింది.

గోలు గీత ఆయన వీపు వెనకే ఉంది. మోచేత్తో ఒక్క తోపు తోస్తే బంతి పక్కనుంచి లోపలికి పోతుంది. అందరూ నవ్వుకుంటారు, ఆట అయిపోతుంది. ఒప్పుకున్న పని కూడా అదే. మోచెయ్యి కదిలింది. అప్పుడు ఆయన తలెత్తి చూశాడు. ఫిరంగి నాలుగు కాళ్ళ మీద ఉన్నట్టు ఉండి, మొహం మట్టి కొట్టుకుని, చెవి పక్క నల్లరంగు కారుతూ, ఇటే చూస్తున్నాడు. 'తొయ్యి' అన్నట్టు గడ్డం కదిలించాడు.

అద్దాలాయన మోచెయ్యి ఆపాడు. రెండు చేతులతో బంతిని పొట్టకేసి అదుముకున్నాడు.

మరుక్షణం ఎర్ర గ్యాలరీ బద్దలైంది. ఇనుప కంచె ఎక్కారు, దూకారు, పోలీసుల్ని తోసుకుంటూ మైదానంలోకి వచ్చారు. జల్లెడ అని పాడిన నోళ్ళతోనే "గోడ! గోడ! గోడ!" అని అరుస్తూ ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. ఎవడో ముద్దు పెట్టుకున్నాడు, వాడి నోరు బీరు కంపు. పైనుంచి చూస్తే ఫిరంగి ఇంకా లేవలేదు. నీలం గ్యాలరీ ఆయన మీదికి నీళ్ళ సీసాలు విసురుతోంది. నీలం కోటు కార్యదర్శి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుకుంటూ మెట్లెక్కి పోతున్నాడు.

కాలు కుంటివాడు తన్నిన తన్ను. పసిపిల్ల అడ్డం కూర్చున్నా ఆగే బంతి. దాని కోసం వీళ్ళు ఏడుస్తున్నారు. ఆ భుజాల మీద ఊగుతూ అద్దాలాయన మొదటిసారి అనుకున్నాడు: అప్పుడు తిట్టిందీ ఈ పాటి దానికేనన్నమాట.

*

సోమవారం దుకాణం ముందు జనం. ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ పిల్లాడి తల మీద ఆయన చెయ్యి పెట్టించుకుంది. పేపర్లో మొదటి పేజీలోనే వేశారు, 'తీరిన పగ' అని. అధ్యక్షుడు స్వయంగా వచ్చి ఈసారి కుర్చీలో కూర్చున్నాడు, గాజుపొడి మీదే.

"మా గోలీ అంటే ఏమనుకున్నారు!" అన్నాడు గుమికూడిన వాళ్ళతో. "నేను ముందు నిలబడి, ఇతను వెనక నిలబడి, ఒక్కటి పోనిచ్చేవాళ్ళం కాదు."

అద్దాలాయన అతని వైపు చూశాడు. అంత తేలిగ్గా అబద్ధమాడగల మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగనిపించింది. అద్దం అంచు నూరుకుంటూ కూర్చున్నాడు.

కొత్త గ్యాలరీ పని కొడుక్కే వచ్చింది. "చూశావా నాన్నా, పడమంటే పడలేదు, అయినా మనకే మేలు జరిగింది!" అని కొడుకు మురిసిపోయాడు. భార్య మాత్రం మోచేతికి మందు రాస్తూ, "ఏంటండీ, గెలిచిన మొహంలా లేదే" అన్నది.

"నేను తొయ్యలేదే," అన్నాడు.

"ఏం తొయ్యలేదు?"

"బంతిని. తొయ్యడానికి వీలుంది. చూసి కూడా తొయ్యలేదు. వాడు కింద పడి ఉంటే బాగుందనిపించింది."

ఆమె దూది తీసి పడేసింది. "అనిపిస్తుంది. మనిషే కదా," అన్నది. అంతకన్నా ఓదార్చలేదు.

మంగళవారం పొద్దున కొడుకు ఫోను పెట్టేసి పకపకా నవ్వాడు. "ఎవరనుకున్నావ్? ఫిరంగి వాళ్ళావిడ. రాత్రి వాళ్ళ క్లబ్బువాళ్ళే రాళ్ళేసి ముందు కిటికీలన్నీ పగలగొట్టారట. ఆ పక్క దుకాణాలవాళ్ళు రామన్నారట. మనం ఎవరమో తెలీకుండా చేసినట్టుంది. వీలుకాదని చెప్పేశాను."

"ఎందుకు వీలుకాదు?"

"ఎందుకేంటి నాన్నా! సార్‌కి తెలిస్తే బాగుంటుందా? పని చేతికొచ్చి ఒక్కరోజు కాలేదు."

అద్దాలాయన గోడకి తగిలించిన సంచీ దించాడు. సుత్తి, ఉలి, చిన్న మేకులు, పుట్టీ డబ్బా, కట్టరు, టేపు. ఒక్కొక్కటే చూసి వేసుకున్నాడు.

"నాన్నా, నీకేమైనా పిచ్చా? నిన్నటిదాకా వాడి పేరెత్తితే ఉమ్మేసేవాడివి."

"ఇప్పుడూ ఉమ్ముతాను. బండి తాళం ఇవ్వు."

"నేను రాను."

"నిన్ను రమ్మన్నదెవరు?"

*

ఇంటి గోడ మీద పచ్చిగా ఉన్న రంగుతో 'తుస్సు' అని రాసి ఉంది. రాసినవాడికి ఒత్తులు సరిగా రావు. తలుపు తీసిన ఫిరంగి భార్య, పేపర్లో చూసిన మొహాన్ని గుర్తుపట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అద్దాల పని మీద వచ్చానమ్మా," అన్నాడు.

"లోపలికి రండి అన్నయ్యగారూ. కాళ్ళ కింద చూసుకోండి, ముక్కలున్నాయి."

ఫిరంగి కుర్చీలో, మోకాలి కింద దిండు పెట్టుకుని ఉన్నాడు. జుట్టు కడిగేసుకున్నట్టున్నాడు, మొత్తం తెల్లగా ఉంది. లేవలేదు.

"చూసి పోదామని వచ్చావా?"

"కొలతలు తీసి పోదామని వచ్చాను."

చేతి తొడుగులు వేసుకుని ఫ్రేములో మిగిలిన ముక్కల్ని పై నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే లాగాడు. కింది నుంచి మొదలుపెడితే పైది చేతి మీద పడుతుంది. ఎండిపోయిన పాత పుట్టీని ఉలితో గీకాడు. టేపు పట్టి ఒకసారి కొలిచాడు, నమ్మక మళ్ళీ కొలిచాడు. బండి దగ్గరికి పోయి, దుప్పటి పరిచి అద్దం కోసి, చిన్న కిటికీలు రెండూ బిగించసాగాడు. అంతసేపూ ఫిరంగి చూపు ఆయన వీపు మీదే ఉంది.

"మోచేత్తో తోస్తే పోయేది," అన్నాడు ఫిరంగి ఉన్నట్టుండి. "నువ్వు తొయ్యబోయావు. నన్ను చూశావు. ఆగావు."

సుత్తి ఆగింది. "అవును," అన్నాడు అద్దాలాయన.

"ఎందుకు?"

"నీ అవస్థ చూసి సంతోషమేసింది."

లోపల్నుంచి కాఫీ తెస్తున్న ఫిరంగి భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. ఫిరంగి మాత్రం తలూపాడు, తనకి చెప్పిన లెక్క సరిపోయినట్టు.

"ఆ రోజు బంతి నువ్వు దూకిన వైపుకే వచ్చింది," అన్నాడు. "మీ కెప్టెను మడమ తగలకపోతే నువ్వు పట్టేసేవాడివి. నేను చూశాను. అందరికన్నా దగ్గరున్నది నేనే కదా."

"ఇన్నేళ్ళూ ఒక్కసారి చెప్పలేదే."

"చెప్తే నాకేం మిగుల్తుంది?" ఫిరంగి గొంతులో సిగ్గు లేదు. "నిన్ను అడిగితే నువ్వు మాత్రం చెప్పేవాడివా?"

ఈ మాట వినడం కోసం అద్దాలాయన ఎన్ని రాత్రులు మేలుకున్నాడో. విన్నప్పుడు ఏం చేయాలో, ఎవరెవరి ముందు చెప్పించాలో అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు. ఇప్పుడు విన్నాడు. దాంట్లో రుచీ పచీ లేదు. కాఫీ తీసుకుని తాగాడు, అది వేడిగా ఉంది. గ్లాసు పక్కన పెట్టి, "చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు.

పెద్ద కిటికీ మిగిలింది. పలక పెద్దది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు లోపల్నుంచి ఆనించి పట్టుకుంటే ఒకరు బయటినుంచి అద్దాన్ని ఆపే చెక్కబద్ద బిగించాలి. కొడుకు రాలేదు. అద్దాలాయన పలకని గోడకి ఆనించి చుట్టూ చూశాడు.

"లే," అన్నాడు ఫిరంగితో.

"నేను నిలబడలేను."

"కిటికీని ఆనుకుని నిలబడు. తన్నమనట్లేదు, పట్టుకోమంటున్నాను."

ఫిరంగి భార్య పట్టుకోబోతే చెయ్యి విదిలించి, తనే కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచాడు. అద్దాలాయన తన చేతి తొడుగులు తీసి ఆయనకిచ్చాడు. పలకని ఎత్తి ఫ్రేములో నిలబెట్టాడు. ఫిరంగి రెండు అరచేతులూ దాని మీద ఆనించాడు. అద్దాలాయన బయటికి తిరిగి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా అద్దం.

వీధి అవతల నలుగురైదుగురు పోగయ్యారు. నీలం మఫ్లర్లవాళ్ళున్నారు. అటుగా పోతున్న ఎర్ర మఫ్లరువాడొకడు బండాపి, "గురువుగారూ! ఆ ఇంట్లో మీకేం పని?" అని అరిచాడు. జవాబు రాకపోయేసరికి, ఫోను తీసి ఎవరికో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఫోను చివర ఎవరుంటారో, ఇంజనీరు బల్ల మీది కాయితం సాయంత్రానికి ఏమవుతుందో అద్దాలాయనకి తెలుసు. కొడుకు మొహం కూడా కళ్ళముందు కనిపించింది. మేకులు నోట్లో పెట్టుకుని చెక్కబద్ద అందుకున్నాడు.

"తుస్సు!" అన్నారు నీలంవాళ్ళు లోపలి మనిషిని చూసి. "జల్లెడ!" అన్నారు బయటి మనిషిని చూసి. ఎర్రవాడు కూడా కాసేపు ఆలోచించి ఆ రెండో అరుపులో గొంతు కలిపాడు.

ఫిరంగి చూపు వీధి అవతలికి పోయింది. పలక ఫ్రేములో కిర్రుమంది.

"వాళ్ళని చూడకు," అన్నాడు అద్దాలాయన, పళ్ళ మధ్య మేకులతో. "గట్టిగా పట్టుకో."

"చేతులతో పట్టడం నాకు చాతకాదయ్యా," అన్నాడు ఫిరంగి. అద్దం వెనక నుంచి గొంతు సన్నగా వచ్చింది. "ఆడినన్నాళ్ళూ చెయ్యి తగిలితే తప్పన్నారు."

"ఇప్పుడెవడూ ఈల వెయ్యడులే. పట్టుకో."

ఫిరంగి అరచేతులు వెడల్పు చేసి, నుదురు కూడా అద్దానికి ఆనించి నిలబడ్డాడు. అద్దాలాయన చెక్కబద్ద అంచు సరిచూసి, మొదటి మేకు నోట్లోంచి తీశాడు.